తెరమీది బంతికి సరియైన కాంటా

బాస్కెట్‌బాల్ వీడియో గేమును నిజమైన ఆటకు దగ్గరగా అమర్చుకొనుట



దసరాకో, సంక్రాంతికో, వేసవి సెలవులకో పిల్లలు హాస్టలు నుండి ఇంటికి వచ్చినప్పుడు మన ఇండ్లలో కనబడే దృశ్యము అందరికీ తెలిసినదే. పెద్దలు చేను నుండి ఇల్లు చేరేసరికి అరుగు మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒక ఫోను చుట్టూ చేరి ఉంటారు. పట్నములో చదివే అన్న ఉంటే అతని ల్యాప్‌టాప్ చుట్టూ చేరుతారు. క్రికెట్టు, తుపాకుల ఆటలు, కారు పందెములు, వాటితో పాటు బాస్కెట్‌బాల్. నల్లగొండ, పాలమూరు పల్లెలలో వాలీబాల్ నెట్టు, కబడ్డీ గీతలు కనబడినంతగా బాస్కెట్‌బాల్ స్తంభము కనబడదు. అయినను తెరమీద మన పిల్లలు ఆ ఆటను అమెరికా జట్ల పేర్లతో సహా ఆడుతున్నారు.

మనము సాధారణముగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంతసేపు ఆడుతావు రా?" అది అడుగవలసిన ప్రశ్నే. కాని ఇంకొక ప్రశ్న ఉన్నది. ఆ ఆట మన పిల్లవానికి గెలుపును ఎంత చౌకగా ఇస్తున్నది? వేసిన ప్రతి బంతీ బుట్టలో పడుతుంటే, ఆటగాడు ఎప్పుడూ అలసిపోకుంటే, ఎవరినైనా తోసి పరుగెత్తినా ఈల మ్రోగకుంటే, ఆ పిల్లవాడు నేర్చుకొనేది బాస్కెట్‌బాల్ కాదు. వేలు కదిపితే ఫలితము వస్తుందన్న అబద్ధము.

ఈ విషయములో ఒక మంచి సంగతి ఉన్నది. ఈ ఆటలలో కొన్నిటికి లోపల అమరికలు, అనగా సెట్టింగులు, ఉంటవి. వాటిని మార్చి ఆటను నిజమునకు దగ్గరగా తెచ్చుకొనవచ్చును. మార్కెట్ యార్డులో బస్తా ఎక్కించక ముందు ఖాళీ కాంటా సున్నా చూపుతున్నదా అని రైతు చూస్తాడు గదా! ఈ పని అటువంటిదే. ఇందుకు ఇంగ్లీషు చదువు ఎక్కువ అక్కరలేదు. ఒక నోటుబుక్కు, పెన్సిలు, కొంచెము ఓర్పు ఉంటే చాలును.

నిజమైన ఆట ఎటువంటిది?

నిజము తెలియకుండ నకలు సరిగా ఉన్నదో లేదో చెప్పలేము. కాబట్టి ముందు అసలు ఆటను గూర్చి చూతము.

బాస్కెట్‌బాలును కనిపెట్టినవాడు జేమ్స్ నైస్మిత్. 1861లో కెనడా దేశములో పుట్టినాడు. తొమ్మిదేండ్ల వయస్సులో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకొన్నాడు. మాంట్రియల్‌లోని ప్రెస్బిటేరియన్ కళాశాలలో వేదాంత విద్య ముగించి, 1890లో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలకు వెళ్ళినాడు. 1891 చలికాలములో అక్కడి పెద్ద లూథర్ గులిక్ అతనికి ఒక పని అప్పగించినాడు. మంచు వలన బయట ఆడలేక విసిగిపోయిన 18 మంది యువకుల తరగతికి గది లోపల ఆడుకొనే క్రొత్త ఆట ఒకటి కావలెను, అదియు రెండు వారములలో. నైస్మిత్ పీచు పండ్ల బుట్టలు రెండింటిని వ్యాయామశాల మేడ కమ్మీకి బిగించినాడు. ఆ కమ్మీ నేల నుండి 10 అడుగుల ఎత్తున ఉన్నది. నేటికీ ప్రపంచమంతటా పెద్దలు ఆడే రింగు ఎత్తు అదే 10 అడుగులు, అనగా 3.05 మీటర్లు. 13 నియమములు వ్రాసి గోడకు అంటించినాడు. బంతి పట్టుకొని పరుగెత్తరాదు, ఎదుటివానిని తోయరాదు, పట్టరాదు, కొట్టరాదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఆ మొదటి ఆటలో పడినది ఒక్క బంతి మాత్రమే.

ఈ మాటను పిల్లలకు చెప్పండి. తెరమీద 20 నిమిషములలో వంద పాయింట్లు కొట్టే ఆట మొట్టమొదటి దినమున 1-0తో ముగిసినది. ఇంకొక మాట కూడ చెప్పండి. నైస్మిత్ 1898 నుండి కాన్సాస్ విశ్వవిద్యాలయములో పని చేసినాడు. అక్కడి జట్టుకు శిక్షకుడుగా 55 ఆటలు గెలిచి 60 ఆటలు ఓడినాడు. ఆటను పుట్టించినవాడే గెలిచిన వాటికంటె ఎక్కువ ఓడినాడు. 1916లో అతడు పాదిరిగా అభిషేకము పొందినాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్సులో తన ఆటను కన్నులారా చూచినాడు.

మన దక్షిణ దేశములో ఈ ఆట వేళ్ళూనుటకు కూడ వై.ఎం.సి.ఎ. ముఖ్య కారణము. స్ప్రింగ్‌ఫీల్డులో చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణ పాఠశాలను ప్రారంభించినాడు. మన ఊళ్ళలో డ్రిల్లు మాస్టారు అని పిలిచే ఉపాధ్యాయులకు ఈ దేశములో పద్ధతి ప్రకారము శిక్షణ ఇచ్చిన తొలి సంస్థలలో అది ఒకటి.

నిజమైన ఆటకు కూడ అమరికలున్నవి

అంకెలు మార్చి ఆటను సరిచేయుట వీడియో గేముతో మొదలు కాలేదు. నిజమైన ఆటలోనే పెద్దలు ఆ పని చేసినారు.

1950 నవంబరు 22న అమెరికా వృత్తి ఆటగాళ్ళ పోటీలలో ఫోర్ట్ వేన్ జట్టు మినియాపోలిస్ జట్టును 19-18 తేడాతో ఓడించినది. ఎదుటి జట్టు బలమైనది గనుక వీరు బంతిని దాచుకొని కాలము గడిపినారు. చూచేవారికి విసుగు పుట్టినది. 1954లో సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయసోన్ ఒక లెక్క వేసినాడు. ఆట 48 నిమిషములు, అనగా 2,880 సెకండ్లు. మంచి ఆటలో రెండు జట్లూ కలిసి సుమారు 120 సార్లు బంతి వేస్తవి. 2,880ని 120తో భాగిస్తే 24. అందుచేత బంతి చేతికి వచ్చిన 24 సెకండ్లలో బుట్టవైపు వేయవలెనని నియమము పెట్టినారు. అంతకు ముందు సంవత్సరము ఒక్కొక్క జట్టు సగటున 79.5 పాయింట్లు చేసేది. ఆ నియమము వచ్చిన సంవత్సరము అది 93.1కి పెరిగినది. ఆటగాళ్ళు మారలేదు, బంతి మారలేదు, ఒక్క అంకె మారినది.

మూడు పాయింట్ల గీత కూడ అటువంటిదే. ఎన్‌బీఏ పోటీలలో అది 1979లో వచ్చినది. మొదటి సంవత్సరము ఒక జట్టు ఒక ఆటలో ఆ దూరము నుండి సగటున మూడుసార్లు కూడ వేయలేదు. 2023-24లో సగటు 35 సార్లు. 1994లో గీతను దగ్గరకు జరిపినారు, మూడు సీజనుల తర్వాత మరల వెనుకకు జరిపినారు.

ఆడపిల్లల సంగతి కూడ చెప్పవలెను. 1892లో స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయురాలు ఈ ఆటను విద్యార్థినులకు నేర్పించినది. ఆ కాలములో స్త్రీలు ఎక్కువగా పరుగెత్తరాదని తలంచేవారు గనుక మైదానమును మూడు భాగములు చేసి, ఎవరి భాగములో వారే ఉండవలెనని నియమించినారు. నేడు స్త్రీలు పూర్తి మైదానములో ఆడుతున్నారు. అమరిక పెట్టేవారు ఆటగాళ్ళను గూర్చి ఏమి తలంచుతారో అది అమరికలోనే తెలిసిపోతుంది.

యంత్రము లోపల ఎవరి కోరిక ఉన్నది?

1993లో మిడ్‌వే సంస్థ ఎన్‌బీఏ జామ్ అనే ఆటను విడుదల చేసినది. ఇద్దరికి ఇద్దరు ఆడే ఆట అది. ఒకే ఆటగాడు వరుసగా మూడు బంతులు వేస్తే అతని బంతికి నిప్పు అంటుకొనేది, ఆ తర్వాత దాదాపు వేసినదెల్లా పడేది. అది నిజమైన ఆట కాదని చిన్న పిల్లవానికి కూడ తెలుసును. కాని ఎవరికీ తెలియని సంగతి ఒకటి లోపల దాగి ఉండెను. దాని రూపకర్త మార్క్ టర్మెల్ డెట్రాయిట్ జట్టు అభిమాని. డెట్రాయిట్‌తో హోరాహోరీగా సాగిన ఆటలో చికాగో జట్టు చివరి క్షణమున వేసే బంతి తప్పిపోయేటట్లు లోపల వ్రాసినానని తర్వాతి కాలములో అతడే చెప్పినాడు. కాంటా క్రింద దాచిన అయస్కాంతము వంటిది అది. ఆడేవాడు తన చేతకానితనమే అనుకొంటాడు.

1999లో సెగా వారి డ్రీమ్‌కాస్ట్ యంత్రము కొరకు ఎన్‌బీఏ 2కె అనే ఆట వచ్చినది. తయారు చేసినవారు విజువల్ కాన్సెప్ట్స్. నిజమైన ఆటను పోలి ఉండుటయే దీని ఉద్దేశము. ఏటేట క్రొత్తది వెలువడుతూనే ఉన్నది. 2019లో వచ్చిన ఎన్‌బీఏ 2కె20 నుండి అమెరికా స్త్రీల వృత్తి జట్లు కూడ ఇందులో చేరినవి. ఇందులో "స్లయిడర్లు" అనే అమరికలు ఉంటవి. రేడియో శబ్దము పెంచి తగ్గించే గీతవలె, ఒక్కొక్క విషయమునకు సున్నా నుండి 100 వరకు ఒక గీత ఉంటుంది. సాధారణముగా నడిమి అంకె 50. దగ్గరి నుండి వేసిన బంతి పడుట, దూరము నుండి వేసినది పడుట, బంతి దొంగిలించుట, ఫౌళ్ళు, అలసట, దెబ్బలు, ఆట వేగము, ఇట్లు అనేకములు. దీనినే ఇక్కడ మాదిరిగా తీసుకొందము.

ఒక హెచ్చరిక. స్లయిడర్లన్నీ కంప్యూటరులోను, టీవీకి తగిలించే గేము యంత్రములలోను ఉంటవి. ఫోనులో ఆడే రకములలో అన్ని ఉండవు. ఆట కాలము, కష్టపు స్థాయి మార్చే వీలున్నదేమో చూచి, ఉన్నంతవరకు మార్చుకొనండి. ఇంటర్నెట్టులో తెలియనివారితో ఆడే పోటీలలో స్లయిడర్లు పనిచేయవు. ఇంటిలో యంత్రముతో గాని అన్నదమ్ములతో గాని ఆడేటప్పుడే అవి పనిచేస్తవి.

అమర్చుకొనే విధానము

మొదటిది, కాలము. నిజమైన ఎన్‌బీఏ ఆట 12 నిమిషముల చొప్పున నాలుగు భాగములు, మొత్తము 48 నిమిషములు. ఒలింపిక్సులోను, మన దేశపు పోటీలలోను 10 చొప్పున 40 నిమిషములు. గడియారము ఆగుతూ సాగుతుంది గనుక 48 నిమిషముల ఆట ముగియుటకు రెండు గంటలు దాటుతుంది. ఇంటి పని, చదువు ఉన్న పిల్లవానికి అంత కాలము తగదు. కాబట్టి ఒక్కొక్క భాగము 6 నిమిషములు పెట్టండి. మొత్తము 24, అనగా నిజమైన ఆటలో సరిగ్గా సగము. లెక్క చూచుటకు కూడ సులువు.

రెండవది, కొలబద్ద. 2023-24 ఎన్‌బీఏ సీజనులో ఒక జట్టు ఒక ఆటలో సగటున సుమారు 114 పాయింట్లు చేసినది. ఫ్రీ త్రోలు కాక 89 సార్లు బంతి వేసినది. నూటికి 47 పడినవి. వాటిలో మూడు పాయింట్ల దూరము నుండి వేసినవి 35. ఆ దూరము నుండి నూటికి 36 లేక 37 పడినవి. ఫ్రీ త్రోలు సుమారు 22, నూటికి 78 పడినవి. బంతి పోగొట్టుకొన్నది 14 సార్లు, ఫౌళ్ళు 19. ఇవి ప్రపంచములోనే గొప్ప ఆటగాళ్ళ లెక్కలు. వారు కూడ వేసిన వాటిలో సగము కంటె ఎక్కువ తప్పినారని పిల్లవానికి చూపించండి.

మన 24 నిమిషముల ఆటకు ఇందులో సగము తీసుకొందము. నోటుబుక్కులో ఇట్లు వ్రాసికొనండి:

పాయింట్లు – 57
వేసిన బంతులు – 44, పడినవి – 21
అందులో మూడు పాయింట్లవి – 17, పడినవి – 6
ఫ్రీ త్రోలు – 11, పడినవి – 8 లేక 9
పోగొట్టుకొన్న బంతులు – 7
ఫౌళ్ళు – 9

ఆట ముగియగానే తెరమీద ఈ లెక్కలన్నీ కనబడుతవి. ప్రక్కన వ్రాసి పోల్చండి. ఒక్క ఆటలో ఎక్కువ తక్కువలు ఉండుట సహజమే. ఐదు ఆటల సగటు చూడండి.

మూడవది, కష్టపు స్థాయి. రూకీ, ప్రో, ఆల్-స్టార్, సూపర్‌స్టార్, హాల్ ఆఫ్ ఫేమ్ అని మెట్లు ఉంటవి. రూకీ అనగా క్రొత్తవాడు. ఎప్పుడూ గెలిచే మెట్టు వద్దు, ఎప్పుడూ ఓడే మెట్టు కూడ వద్దు. సమానమైన జట్లతో పది ఆటలు ఆడితే నాలుగైదు ఓడే మెట్టు మంచిది. ముందు ఈ మెట్టు నిలకడ చేసికొని, తర్వాతనే స్లయిడర్లను ముట్టవలెను.

నాలుగవది, తప్పు ఎక్కడున్నదో కనుగొనుట. పాయింట్లు 57కు బదులు 90 వస్తున్నవనుకొందము. వెంటనే అన్నీ తగ్గించవద్దు. వేసిన బంతుల సంఖ్య చూడండి. 44కు బదులు 70 సార్లు వేస్తున్నాడంటే లోపము వేగములో ఉన్నది. బంతి రాగానే వేయక, 24 సెకండ్లలో కొంత వాడుకొని, తోటి ఆటగాళ్ళకు అందిస్తూ ఆడుమని చెప్పండి. ఆట వేగపు స్లయిడరును కొద్దిగా తగ్గించండి. వేసినవి 44 అయి, పడినవి 35 అయితే అప్పుడు లోపము బంతి పడే స్లయిడరులో ఉన్నది. దానిని 50 నుండి 45కు దించండి. దూరపు బంతులే ఎక్కువగా పడుతుంటే ఆ ఒక్కదానినే దించండి. రోగము ఒకటి, మందు ఒకటి కారాదు.

ఐదవది, ఫౌళ్ళు, అలసట, దెబ్బలు. పొట్టి ఆటలలో ఫౌళ్ళు చాలా తక్కువగా పడుతవి. రెండు మూడు మాత్రమే వస్తుంటే ఫౌళ్ళ స్లయిడర్లను పెంచండి. ఎన్‌బీఏలో ఒక ఆటగాడు ఆరు ఫౌళ్ళు చేస్తే, ఇతర దేశముల పోటీలలో ఐదు చేస్తే, ఆట నుండి బయటికి పోవలెను. ఆ నియమమును ఆపివేసే మీట కూడ ఉంటుంది. దానిని ఆపకండి. అలసటను, దెబ్బలను కూడ ఆపివేసే వీలున్నది. అవి ఆపితే ఒకే గొప్ప ఆటగానిని మొదటి నుండి చివరి దాకా పరుగెత్తించవచ్చును. అలసట ఉన్నప్పుడే బల్ల మీద కూర్చున్న ఎనిమిదవవాని విలువ, తొమ్మిదవవాని విలువ తెలుస్తుంది.

ఆరవది, బంతి ఎట్లు పడవలెనన్నది. చాలా సంవత్సరముల ఆటలలో రెండు మార్గములున్నవి. మొదటి దానిలో, మీట నొక్కి సరియైన క్షణమున విడిచితే బంతి పడుతుంది. అది ఆడేవాని వేళ్ళ నేర్పు. రెండవ దానిలో, తెరమీది ఆటగాని నిజమైన సామర్థ్యమును బట్టి, ఎదుటివాడు ఎంత అడ్డుకొన్నాడన్నదానిని బట్టి పడుతుంది. బొటనవ్రేలి నేర్పు వద్దనుట లేదు. కాని నిజ జీవితములో నూటికి 30 మాత్రమే వేయగలవాడు తెరమీద 90 వేస్తుంటే, అక్కడ ఆడుతున్నది ఆ ఆటగాడు కాదు. నిజమునకు దగ్గర కావలెనంటే రెండవ మార్గము మేలు.

ఏడవది, రెండు ప్రక్కలా ఒకే అంకె. ఇది అన్నిటికంటె ముఖ్యము. ఈ స్లయిడర్లు ఆడేవానికి వేరుగా, యంత్రమునకు వేరుగా ఉంటవి. ఇక్కడనే శోధన ఉన్నది. తన బంతి పడే అంకెను 60 చేసి, యంత్రముది 40 చేసి, తర్వాత "నేను హాల్ ఆఫ్ ఫేమ్ స్థాయిలో గెలిచినాను" అని స్నేహితులకు చెప్పే పిల్లలున్నారు. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి వాడే షావుకారు చేసేది ఇదే గదా! ఒక అంకె మార్చితే రెండు ప్రక్కలా మార్చవలెను. యంత్రము మరీ బలముగా ఉంటే మెట్టు తగ్గించుకొనవలెను గాని రాయి మార్చరాదు.

ఎనిమిదవది, ఒకసారి ఒకటే. మన ఆరాధనలలో తబలా వాయించే తమ్ముడు శ్రుతి ఎట్లు కలుపుతాడో చూడండి. సుత్తితో ఒక చోట చిన్నగా తట్టుతాడు, వింటాడు, తర్వాత ఇంకొక చోట తట్టుతాడు. అన్నిటినీ ఒకేసారి బాదడు. స్లయిడరు కూడ ఒకసారి ఒక్కటే, ఐదు అంకెలు మాత్రమే. మూడు నాలుగు ఆటలు ఆడి లెక్క వ్రాసి, అప్పుడు రెండవది. తేదీ, మార్చినది, ఫలితము, ఈ మూడు గడులు చాలును. భాగహారము, శాతము, సగటు, లెక్కల మాస్టారు నేర్పినవన్నీ ఇక్కడ పనికి వస్తవి.

అంకెలకు లొంగనిది ఒకటి

ఎన్ని అమర్చినా కొన్ని సంగతులు మన చేతిలో ఉండవు. ఇటువంటి ఆటలలో డబ్బుతో నకిలీ నాణెములు కొని, వాటితో ఆటగాళ్ళ పొట్లములు కొనే విభాగములుంటవి. పొట్లములో ఎవరున్నారో విప్పేదాకా తెలియదు. బెల్జియం దేశము 2018లో ఈ పద్ధతిని జూదపు చట్టము క్రింద పరిగణించినది. దానివలన ఎన్‌బీఏ 2కె వారు ఆ దేశములో ఆ అమ్మకమును మార్చవలసి వచ్చినది. మీ ఫోనులో యూపీఐ, బ్యాంకు ఖాతా ఉంటే పిన్ను సంఖ్య పిల్లవానికి చెప్పకండి. పత్తి డబ్బు ఖాతాలో పడిన వారములో మరీ జాగ్రత్త. ఆటగాడు అలసిపోయే ఆటను అమర్చి పెట్టి, ప్రక్క తలుపు నుండి గెలుపును కొనుక్కొనే దారి తెరిచి ఉంచితే మన శ్రమ వ్యర్థమే.

నిజమైన రింగు దగ్గర

ఇంత చెప్పినది పిల్లలను తెరముందు ఇంకొంతసేపు కూర్చుండబెట్టుటకు కాదు. తెరకు, నేలకు మధ్యనున్న దూరము తగ్గించుటకే.

సులువు అమరికలతో ఆరు నెలలు ఆడిన పిల్లవాడు ఒకనాడు హాస్టలులో నిజమైన బంతి పట్టుకొంటాడు. పది వేస్తే ఒకటి పడుతుంది. ఎదుటి పిల్లలు నవ్వుతారు. "నాకు రాదు" అని బంతి వదలి ఫోను దగ్గరకు తిరిగి వస్తాడు. అక్కడ అన్నీ పడుతవి గదా! ఇట్లు ఒక పిల్లవాడు మైదానమునకు దూరమై పోతాడు. నిజమునకు దగ్గరగా అమర్చిన ఆట ఆడినవానికి తప్పిపోయే బంతి క్రొత్త కాదు. గొప్పవాళ్ళకు కూడ సగము తప్పుతవని అతనికి తెలుసును. పదిలో ఒకటి పడితే రేపు రెండు పడునని నిలబడతాడు.

కాబట్టి వీలైతే ఒక రింగు పెట్టించండి. వెల్డింగు దుకాణములో 18 అంగుళముల లోపలి వ్యాసము గల ఇనుప రింగు చేయించి, గట్టి స్తంభమునకు పలక బిగించి, 10 అడుగుల ఎత్తున అమర్చితే చాలును. పన్నెండేండ్ల లోపు పిల్లలకు 2.60 మీటర్ల ఎత్తు తగినది. మినీ బాస్కెట్‌బాల్ నియమము అదే. పలక నుండి 4.6 మీటర్ల దూరములో నేల మీద గీత గీయండి. అది ఫ్రీ త్రో గీత. పెద్ద మగపిల్లలకు 7వ నంబరు బంతి, ఆడపిల్లలకు 6వ నంబరు, చిన్నవారికి 5వ నంబరు. బడి ఆవరణలో గాని, మందిరపు ఖాళీ స్థలములో గాని నలుగురు కలిసి పెట్టించుకొంటే ఖర్చు ఎవరికీ భారము కాదు.

తర్వాత ఒక పరీక్ష. పిల్లవాడు ఆ గీత మీద నిలబడి 20 బంతులు వేయవలెను. ఎన్ని పడినవో వ్రాయండి. ఆ సాయంత్రము తెరమీద అతని జట్టు ఫ్రీ త్రోలు నూటికి ఎన్ని పడినవో దాని ప్రక్కన వ్రాయండి. మొదటి వారము నేల మీద 20కి 4, తెరమీద 20కి 16 ఉండవచ్చును. వారము వారము వ్రాస్తూ పొండి. తెరమీది అంకెను పెంచుటకు ఒక గీత జరిపితే చాలును. నేల మీది అంకె 4 నుండి 5కు పోవుటకు మోకాళ్ళు వంచుట నేర్వవలెను, మోచేయి నిలుపుట నేర్వవలెను, ప్రొద్దున లేవవలెను. ఈ రెండు అంకెలు ప్రక్క ప్రక్కన చూచిన పిల్లవానికి మనము వేరే ఉపదేశము చెప్ప పనిలేదు.

పంజాబులోని బల్లో కే అనే చిన్న పల్లెలో రైతు కుటుంబములో పుట్టిన సత్నామ్ సింగ్‌ను 2015లో డల్లాస్ జట్టు 52వ ఎంపికగా తీసుకొన్నది. భారతదేశములో పుట్టి ఎన్‌బీఏ జట్టుచే అట్లు ఎన్నుకొనబడిన మొదటివాడు అతడే. అతనికి ఎన్‌బీఏ సీజను ఆటలో ఆడే అవకాశము మాత్రము రాలేదు. ఈ రెండు మాటలూ కలిపి పిల్లలకు చెప్పండి. పల్లె నుండి అంత దూరము పోవచ్చును. అంత దూరము పోయినా ఆ మెట్టు ఎంత ఎత్తైనదో కూడ తెలియవలెను. వాస్తవము పిల్లల ఆశను చంపదు. ఎంత శ్రమ కావలెనో చెప్పి, ఆశకు నేల చూపిస్తుంది.

కుటుంబముగా కూర్చుండి మాట్లాడుకొనుటకు

1. మన ఇంటిలో ఆడే ఆటలో ఓడిపోవుట సాధ్యమేనా? చివరిసారి ఎప్పుడు ఓడినావు? ఎందుకు ఓడినావు?

2. ఆటలో ఎవరికీ తెలియకుండ నీకు అనుకూలముగా మార్చుకొనే వీలుంటే మార్చుకొంటావా? మార్చుకొని గెలిచినది గెలుపని స్నేహితునికి చెప్పగలవా?

3. పరీక్షలోను, వ్యవసాయములోను, ఇంటి ఖర్చులోను మనము తక్కువ రాయి వేసికొనే చోటులున్నవా? (ఈ ప్రశ్నకు పెద్దలు ముందు జవాబు చెప్పవలెను.)

4. ఈ నెలలో రింగు ఎక్కడ పెట్టవచ్చును? ఎవరెవరిని కలుపుకొనవచ్చును?

తండ్రులారా, ఆ మెనూలు మాకు తెలియవని వెనుకకు పోకండి. పిల్లవాని ప్రక్కన కూర్చుండి, "ఈ గీత దేనికి నాన్నా?" అని అడగండి. వాడు సంతోషముగా నేర్పుతాడు. తల్లులారా, నోటుబుక్కులో లెక్క మీరు వ్రాయండి. అక్కను కూడ ఆడనివ్వండి, ఆమెకు కూడ అదే అంకె, అదే కాలము. ఆరు నిమిషముల భాగములు నాలుగు అయిపోగానే తెర కట్టివేసి, వెలుతురు ఉన్నంతసేపు బంతితో బయటికి నడవండి.